అరువు కడుపు

"ఇదిగో నీ కడుపు," అంటూ చీఫ్ రబ్బరు పొట్టను టేబుల్ మీద పెట్టాడు. "లోపల ఎయిర్ శాంప్లర్ ఉంది. గాలిలో విషముంటే ఈ బటన్ ఎర్రగా వెలుగుతుంది."

"ఎన్నో నెల సార్?" అంది ఏజెంట్ మిణుగురు.

చీఫ్ నవ్వలేదు. "చెప్పుల ఫ్యాక్టరీలో గర్భిణులకు బీపీ పెరుగుతోంది. నెలలు నిండకుండానే కాన్పులవుతున్నాయి. విదేశీ ముఠా ఒకటి నిషేధించిన సాల్వెంట్ రసాయనాన్ని గమ్ములో కలిపి అమ్ముతోందని అనుమానం. వారంలో లారీ బయల్దేరితే సరుకు ఊరూరా చేరుతుంది. లోపల మేనేజరు మేడమ్ మన మనిషే. కోడ్ వర్డ్: వాన వచ్చేలా ఉంది."

మర్నాడు బస్సెక్కగానే ఇద్దరు లేచి ఆమెకు సీటిచ్చారు. ఫ్యాక్టరీలో గమ్ము పూసే పెద్దక్క తన స్టూలు జరిపింది.

"కూర్చోవే పిచ్చిదానా! తిన్నావా?"

పెద్దక్కకూ ఏడో నెల. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు.

తిన్నావా అని మిణుగురును అడిగినవాళ్ళు లేక ఏళ్ళయింది. రోజూ లాడ్జి గదికి రాగానే పొట్ట విప్పి కుర్చీలో కూర్చోబెట్టేది. దానితోనే కబుర్లు చెప్పేది.

లారీ బయల్దేరే రోజు డ్రమ్ము ఒకటి ఒలికింది. ఘాటు గుప్పుమంది. పెద్దక్క చెయ్యి పొట్ట మీదికి పోయింది. మిణుగురు చెయ్యి ముక్కు మీదికి పోయింది. హైహీల్స్ టకటకలాడిస్తూ వచ్చిన మేడమ్ అది చూసి, మిణుగురును స్టోర్‌రూమ్‌లోకి లాక్కెళ్ళింది.

"వాన వచ్చేలా ఉంది," అంది మిణుగురు.

"రానీ." మేడమ్ చేతిలో పిస్టల్ మెరిసింది. "నాకు ముఠా కూడా జీతమిస్తుంది. నీది దొంగ కడుపు. నిజంగా మోసేదానివైతే చెయ్యి ముందు అక్కడికే పోతుంది."

"మీకెలా తెలుసు మేడమ్?"

మేడమ్ ఎడమ చెయ్యి తన పొత్తికడుపును అదుముకునే ఉంది.

మిణుగురు పైట తొలగించింది. బటన్ ఎర్రగా వెలుగుతోంది. "ఇది మీరు పీల్చే గాలే."

"ప్రమాదమేం లేదన్నారే వాళ్ళు..."

బయట లారీ స్టార్టయింది. పిస్టల్ మెల్లగా కిందికి దిగింది. మేడమ్ వైర్‌లెస్ అందుకుంది.

"గేటు మూసెయ్! లారీ కదలకూడదు!"

లారీ మూతికి జానెడు దూరంలో గేటు పడింది.

ముఠా దొరికింది. మేడమ్ లొంగిపోయింది. పెద్దక్కను ఆసుపత్రిలో చేర్చారు. ఆఫీసు స్టోర్ గుమాస్తా పొట్టను వెనక్కి తీసుకుని బీరువాలో పెట్టాడు.

'పెద్దక్క బిడ్డను చల్లగా చూడు స్వామీ,' అని మిణుగురు దణ్ణం పెట్టుకుంది. పుట్టకముందే ఆ బిడ్డకు ఈ శిక్షెందుకని అడగబోయి ఆగింది.

తిరుగు బస్సులో ఎవరూ లేవలేదు. ఒక చేత్తో రాడ్డు, ఇంకో చేత్తో తన ఖాళీ పొట్ట పట్టుకుని నిలబడింది. ఇప్పుడు మాత్రం చెయ్యి సరిగ్గా అక్కడికే పోయింది.