ఎండిన చీనీకి బిందెడు నీళ్లు

ఎస్తేరమ్మ ఇంట్లో కాఫీ కంటే ముందు పునీతుల చరిత్ర దిగేది. తెల్లారగానే ఆ రోజు పండుగ ఏ పునీతునిదో పుస్తకంలో చూసి గట్టిగా చదివేది. మంచి అలవాటే, కాదనం. కాకపోతే ఆ పునీతులు పడిన కష్టాలన్నీ ఆమె ఒక్క కోడలికే వర్తించేవి. ఉపవాసమున్న పునీతుడి రోజు రూతుకు టిఫిను ఉండదు. మౌనం పాటించిన పునీతురాలి రోజు రూతు పుట్టింటికి ఫోను చేయకూడదు. ఉన్నదంతా పేదలకు పంచిన పునీతుడి రోజు మాత్రం ఎస్తేరమ్మ గబగబా చదివేసి పుస్తకం మూసేది.

ఈ మే నెలలో వంతు పునీత రీతమ్మది. మఠంలో పెద్ద సిస్టరమ్మ ఎండిన కట్టెకు రోజూ నీళ్లు పొయ్యమంటే, ఎదురు చెప్పకుండా పోసిందట రీతమ్మ. అది చిగురించిందట. కంబదూరు దగ్గరి ఆ ఊళ్లో ఎండిన కట్టెలకేం కొదవ? బోరు ఎండిపోయిన ఏడు చచ్చిన చీనీ చెట్టు మోడు, అదే బత్తాయి మోడు, పెరట్లో ఉండనే ఉంది.

"పండగదాకా నవదినాల మొక్కు పట్టు. తొమ్మిది దినాలూ దానికి బిందెడు నీళ్లు పొయ్యి. మీయమ్మకు నయమైతాది" అంది ఎస్తేరమ్మ.

శింగనమల దగ్గర పల్లెలో రూతు తల్లి బయమ్మ మంచం పట్టి ఉంది. అందుకే రూతు కాదనలేదు. అత్త మొక్కు పట్టించిందని తమ్ముడికి కూడా చెప్పింది. ట్యాంకరు దగ్గర కొట్లాడి తెచ్చుకున్న నీళ్లలో, తన తలకు పోసుకోవడం మానేసి, మోడుకు బిందె వంచేది.

పండుగకు ముందురోజు పొద్దున తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, అమ్మ గంజి గూడా మింగడం ల్యా. నిన్నే చూడాలంటాండాది. బిన్నా రా."

రూతు చేతులు తుడుచుకుంటూ అత్త ముందుకొచ్చింది. "అత్తా, పోయి చూసొస్తా. సాయంత్రానికి వచ్చేస్తా."

"యాడికి? మొక్కు ముగిసేదాకా ఊరు దాటకూడదని చెప్పలేదా?"

"అమ్మ నాకోసం..."

"మధ్యలో వదిలేస్తే ఆ పాపం ఎవరికి తగుల్తాది? మీయమ్మకే. పో మల్ల! పోయి చంపుకో! పోయినసారి ఆపరేషనని చెప్పి ఆడనే తిష్ట వేసినావు. ఈడ పాలు పిండేదెవరు, పేడ ఎత్తేదెవరు?"

అసలు సంగతి ఆ చివరి మాటలోనే ఉంది. రూతు మొగుడి వైపు చూసింది. సుదర్శన్ బైకు తాళం వేలికి తిప్పుకుంటూ, "రేపొక్క దినమే గదా. పండగైనాక నేనే ఎక్కించుకొని పోతాలే" అన్నాడు. ఆ మహానుభావుడి ధైర్యం అంతవరకే.

"రీతమ్మ మఠంలో చేరకముందు మొగుడి దెబ్బలే ఓర్చుకునింది. నువ్వు ఒక్క దినం ఓర్చుకోలేవా?" అంది అత్త.

రూతు బిందె ఎత్తుకుంది. పాపం, నమ్మింది. తాను ఊరు దాటితే తల్లి ప్రాణం పోతుందని నిజంగానే నమ్మింది.

పండుగ రోజు తెల్లారేసరికి పెరట్లోంచి ఎస్తేరమ్మ కేకలు.

"చిగురేసింది! స్తోత్రం ప్రభువా! రూతూ, రీతమ్మ కరుణించింది!"

మోడు మొదట్లో వేలెడంత పచ్చటి రెమ్మ. ఇరుగుపొరుగు గోడ మీంచి తొంగిచూశారు. ఎస్తేరమ్మ సంతోషం పట్టలేక కళ్లనీళ్లు పెట్టుకుంది.

రూతు గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడి ఉంది. "అత్తా, మాయమ్మ పోయింది."

దానికి ఎస్తేరమ్మ అన్న మాట పగవాళ్లకు కూడా వినబడకూడదు.

"దేవుడు ఒకటి తీసుకొని ఒకటిచ్చినాడు. ఈ పొద్దు నీళ్లు పోసేసి పో. ముగింపు చెడగొట్టద్దు."

రూతు పోసింది. వంగి ఆ రెమ్మను తడిమితే ముల్లు గుచ్చుకుని వేలు నెత్తురోడింది.

"ఇది చీనీ కాదత్తా. చీనీని అంటు కట్టిన కింది మొదలు, జంబేరి. అడివి నిమ్మ. పైన చీనీ ఎప్పుడో సచ్చిపోయింది. దీనికి కాయ కాసినా నోట పెట్టుకోలేం."

చీనీ తోటల మధ్య ఇన్నేళ్లు కాపురం చేసిన ఎస్తేరమ్మకు అది తెలియని సంగతి కాదు. అద్భుతం కావాలనుకున్న కళ్లకు ముల్లు కనబడలేదంతే. ఆమె చెప్పులేసుకుని కోడలి వెంట బయలుదేరింది.

ఆ సాయంత్రం సమాధుల దగ్గర బయమ్మ పెట్టె గుంతలోకి దించారు. ఎస్తేరమ్మ అందరి వెనక నిలబడింది. తమ్ముడు రూతును పట్టుకుని భోరుమన్నాడు.

"మళ్లీ ఫోన్ చేస్తానంటే అమ్మే వద్దనిందక్కా. 'అది నాకోసం మొక్కులో ఉండాది, చెడగొట్టద్దు' అనింది. 'వాళ్లత్త ఎంత మంచిదిరా, నాకోసం కోడలితో మొక్కు పట్టించింది. ఆమెకు నా వందనాలు చెప్పు' అనింది. అదే ఆఖరి మాట."

ఎస్తేరమ్మ ఆ ఎర్రమట్టిలో కూలబడిపోయింది. కోడలి పాదాలు పట్టుకుంది.

"మీయమ్మకు నయం కావాలని కాదు తల్లీ... పేడెత్తే మనిషి ఉండదని ఆపినా. రీతమ్మ పేరు పెట్టి ఆపినా. నన్ను కొట్టు రూతూ!"

రూతు పాదాలు వెనక్కి తీసుకోలేదు. అత్తను లేవనెత్తనూ లేదు.

"మాయమ్మ నీకు వందనాలు చెప్పింది గదత్తా. బదులు చెప్పు, పో."

ఎస్తేరమ్మ గుప్పెడు మట్టి తీసుకుని గుంత అంచుకు పోయింది. ఏ పునీతుని మాటా ఆమె నోటికి రాలేదు. "వదినా... నన్ను మన్నించు వదినా" అని వెక్కి వెక్కి ఏడ్చింది. మట్టి పిడికిట్లోనే ఉండిపోయింది.

రూతు వచ్చి, ఆ పిడికిలి కింద తన చెయ్యి పెట్టింది. ఇద్దరూ కలిసి మట్టి వేశారు.