కొర్రీల దొర

“ఇది మూడో కొర్రీ! నా మీద పగబట్టారా మీరు?”

క్యాన్సర్ పరిశోధకురాలు విసిరిన ఫైలు బల్ల మీద పడ్డ చప్పుడుకి ఫెలోషిప్ ఆఫీసులో అందరూ తలెత్తారు. ఆఫీసరు మాత్రం నిదానంగా కళ్ళజోడు సర్దుకున్నాడు. దరఖాస్తుల్లో తప్పులు వెతికి వెనక్కి పంపుతాడని పరిశోధకులు అతనికి పెట్టుకున్న పేరు కొర్రీల దొర. తీరా చూస్తే ముప్పయ్యేళ్ళు కూడా ఉన్నట్టు లేవు.

“కూర్చోండి. మొదటి రెండూ సంతకాల గొడవ. ఇది వేరు. సామాన్యుల కోసం మీరు రాసిన పేజీ నాకు అర్థం కాలేదు.”

“మీకు అర్థం కాకపోతే అది నా తప్పా?”

“ఎంపిక కమిటీలో క్యాన్సర్ నుంచి కోలుకున్నవాళ్ళు ఇద్దరుంటారండీ. వాళ్ళు చదివేది ఆ ఒక్క పేజీనే. పోనీ, నోటితో చెప్పండి.”

ఆమె విసురుగా లేచింది. సరిగ్గా అప్పుడే బయట వాన అందుకుంది. గొడుగు లేదు. మళ్ళీ కూర్చుంది.

“మన ఒంట్లో టీ-సెల్స్ అని కాపలావాళ్ళుంటారు. క్యాన్సర్ కణం కనిపిస్తే చంపేస్తారు. కానీ గడ్డ దగ్గర రోజుల తరబడి పోరాడి పోరాడి అలిసిపోతారు. శత్రువు ఎదురుగానే ఉంటాడు, చెయ్యి లేవదు.”

“అప్పుడు?”

“వాళ్ళకి కాసేపు విశ్రాంతి ఇచ్చి చూస్తున్నాను. మళ్ళీ లేస్తారేమోనని.”

“లేస్తున్నారా?” ఎవరికో నిద్రాభంగం అవుతుందేమో అన్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

ఆమెకి నవ్వొచ్చింది. “కొందరు.”

“ఇప్పుడు చెప్పారే, అదే రాయండి.”

వాన ఎప్పుడు వెలిసిందో ఇద్దరూ గమనించలేదు.

అదే రాసింది. దరఖాస్తు ముందుకు కదిలింది. ల్యాబ్‌లో ఆమె ఒప్పందం ఇంకో రెండు నెలలే. ఫెలోషిప్ రాకపోతే ఆ కణాలన్నీ ఫ్రీజర్‌లోకి, ఆమె మందుల కంపెనీ సేల్స్ ఉద్యోగంలోకి.

వారం తిరక్కుండా ల్యాబ్ తనిఖీకి అతనే వచ్చాడు. దీపాలు ఆర్పి మైక్రోస్కోప్ చూపించింది. నల్లటి నేల మీద పచ్చటి చుక్కలు, మిణుగురుల్లా.

“ఆ మూల ఒకడు కదిలాడండీ!”

“ఏదీ, జరగండి.”

అతను జరగలేదు. ఇద్దరి తలలూ ఠప్పున కొట్టుకున్నాయి. నవ్వు ఆగాక కూడా ఆ చీకటిగదిలో ఎవరూ లైటు వేయలేదు. ఆ పచ్చటి వెలుగు అతని కళ్ళజోడు అంచున సన్నగా వణకడం చూస్తూ, చెప్పాల్సిన తర్వాతి వాక్యం ఆమె మర్చిపోయింది.

మర్నాటి నుంచి మనిషి మాయం. ఫోన్ ఎత్తడు. ఒకసారి ఆఫీసు మెట్ల మీద ఎదురుపడి, గిరుక్కున వెనక్కి తిరిగి పైకి ఎక్కేశాడు. ఫైలు ఇంకెవరో చూస్తున్నారని తెలిసింది.

“మొన్నటిదాకా రోజూ తిట్టేదానివి. తిట్టడానికి మనిషి లేక చిక్కిపోతున్నావేమే?” అంది అత్తయ్య. అమ్మ పోయాక తనని పెంచిన మేనత్త.

“నా మొహం! వాడెవడు నాకు?”

“నేను పేరు చెప్పానా?”

ఇంటర్వ్యూలో తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు ముందుకు వంగి, “ఆ విశ్రాంతి ఎంతసేపు ఇవ్వాలమ్మా?” అని అడిగింది. “అదే కనుక్కుందామని వచ్చానండీ” అంది ఆమె. పెద్దావిడ నవ్వింది.

పది రోజులకి ఫలితం వచ్చింది. మూడేళ్ళ ఫెలోషిప్. కణాలు ఫ్రీజర్‌లోకి వెళ్ళక్కర్లేదు.

సంతోషం సంతోషమే, కోపం కోపమే. తిన్నగా అతని బల్ల ముందుకెళ్ళి నిలబడింది.

“మెట్ల మీద నన్ను చూసి పారిపోయారు. నేనేం దెయ్యాన్నా?”

అతను లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. తేదీ ల్యాబ్ తనిఖీ మర్నాటిది. ‘ఈ దరఖాస్తు పరిశీలన నుంచి నన్ను తప్పించండి’ అని పైఅధికారికి పెట్టుకున్న అర్జీ అది, కింద ఆఫీసు ముద్రతో సహా. ‘దరఖాస్తుదారుతో మీకు సంబంధం ఉందా?’ అన్న గడిలో గుండ్రటి అక్షరాలు:

‘ప్రస్తుతానికి లేదు. కలుపుకోవాలని ఉంది.’

ఆమె రెండుసార్లు చదివింది. మూడోసారి అక్షరాలు అలుక్కుపోయాయి.

“ఒక్క మాట నాతో చెప్పచ్చుగా!”

“ఫలితం వచ్చేదాకా మాట్లాడకూడదండీ. మీరు కష్టపడి తెచ్చుకున్నదాన్ని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు.” “నలభై ఒక్క రోజులు. చాలా కష్టమైంది” అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది.

“అత్తయ్యా, ఫెలోషిప్ వచ్చింది. ఇంకోటి... సంబంధం కూడా వచ్చింది.”

“ఎవరే?”

“ఆఫీసు ముద్ర కూడా పడింది, కాదనడానికి లేదు.”

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. “ఆ కొర్రీలవాడేగా? సాయంత్రం తీసుకురా. వాడు నిన్ను అన్నిసార్లు తిప్పాడు, నేనొక్కసారైనా గుమ్మంలో నిలబెట్టాలి.”

ఫోన్లోంచి మాటలన్నీ అతనికి వినిపించాయి.

“ఎంతసేపు నిలబెడతారంటారు?” అన్నాడు భయంగా.

“మా అత్తయ్య సంగతి మీకు తెలీదు,” అంటూ ఆమె అతని చేయి పట్టుకుంది. “నేనూ పక్కనే నిలబడతాలెండి.”