స్పార్కు గదిలో పసుపు గీత

రేవు వెనకాల ఉన్న ఆ ఫౌండ్రీలో స్పార్కు గదంటే పగలు కూడా జనం తప్పుకుని తిరిగేవారు. గొలుసు తెగి బరువులెత్తే కలాసీ తవిటయ్య మీద ఇనప దూలం పడ్డప్పుడు, అతన్ని మోసుకొచ్చి పడుకోబెట్టింది ఆ గదిలోనే. ప్రాణం పోయిందీ అక్కడే. గచ్చు ఎంత కడిగినా మరక పోలేదంటారు. ఎనభై రెండు నాటి మాట ఇది.

"తాగొచ్చి పని చేశాడు, చచ్చాడు" అని యజమాని తేల్చేశాడు.

అది అబద్ధమని కెమిస్టు అప్పలసూరికి తెలుసు. ఆ స్పార్కు గదిలోనే, ఉక్కు ముక్కకీ రాగి కడ్డీకీ మధ్య మెరుపు రగిలించి స్పెక్ట్రోస్కోపులో చూస్తే, వెలుగు రంగురంగుల గీతలుగా విడిపోతుంది. ఒక్కో లోహానివి ఒక్కో తీరు గీతలు. వాడకానికి ముందే చూశాడు: ఆ గొలుసులో బలాన్నిచ్చే నికెల్ గీత ఉండాలి — లేదు. యజమాని కళ్లెర్రజేస్తే, ఉందని సంతకం పెట్టేశాడు.

తవిటయ్య పోయిన కొన్ని నెలలకి, ఓ రాత్రి అర్జెంటు ఆర్డరు. రెండు నెలల కింద చేరిన హెల్పర్ గౌరీశ్వరి ముక్కలన్నీ ట్రేలో సర్ది, "నాను ఎల్తన్నాను సార్" అని వెళ్లిపోయింది. వాచ్‌మన్ గురువులు మాత్రం గుమ్మం దగ్గరే ఆగాడు.

"సీకటడ్డాక ఈ గదిలో ఉండకండి బాబూ..."

అప్పలసూరి వినిపించుకోలేదు; గురువులు గేటు వైపు వెళ్లిపోయాడు. తలుపేసి, మెరుపు రగిలించి, కన్ను ఆనించాడు.

పసుపు గీత!

కళ్లు చెదిరేలా వెలుగుతోంది. ఉక్కులో అది ఉండకూడదు. అది ఉప్పులో ఉండే సోడియం... మనిషి చెమటలో ఉండేది, నెత్తుట్లో ఉండేది.

చెయ్యి తగిలిందేమో అనుకున్నాడు. ఇంకో ముక్క తీశాడు. అదే గీత. ఆకురాయితో గట్టిగా రుద్ది మళ్లీ చూశాడు... ఇంకా ఎక్కువ వెలిగింది.

కాళ్ల కింద గచ్చు మీది మరక చూశాడు. కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

అప్పుడే వినిపించింది — గోడ అవతల గొలుసు ఈడుస్తున్న చప్పుడు. మెల్లగా... తలుపు దాకా వచ్చి, ఆగింది.

"తవిటయ్యా... వద్దు..."

రెండో వైపు తలుపు తోసుకుని యార్డులోకి పరుగెత్తాడు. నైట్ షిఫ్టు వాళ్లంతా పోగయ్యారు.

"ఏటయ్యింది బాబూ?" గురువులు పట్టుకున్నాడు.

"ఆడు తాగలేదు! గొలుసులో నికెల్ లేదు... చూసి కూడా పాస్ చేశాను! యజమాని చెయ్యమన్నాడు!" అప్పలసూరి కూలబడి ఏడ్చాడు.

గది పక్క చీకట్లోంచి గౌరీశ్వరి వచ్చింది. చేతిలో గొలుసు ముక్క.

"అందరూ విన్నారు కదా," అంది. "ముక్కలకీ ఆకురాయికీ ఉప్పునీళ్లు పట్టించింది నానే సార్. తవిటయ్య మా అన్న."

అప్పలసూరి తలెత్తి చూశాడు.

ఆమె వంగి, అతని చెవి దగ్గర గుసగుసగా అంది —

"మా అన్న మెత్తనోడు. దెయ్యమై వచ్చినా, మీ ఏడుపు సూసి మిమ్మల్ని వొగ్గేసి ఎల్లిపోతాడు... అందుకే నాను వచ్చినాను."