కొట్లాట మానేసిన కణాలు

మంచు తుఫానుకు బఫెలో నగరంలో రోడ్లన్నీ మూసేసిన వారంలో డాక్టర్ మార్గో వణుకుతూ డిటెక్టివ్ బెర్నిస్ ఆఫీసుకు నడిచి వచ్చింది. తన ల్యాబులో ఎవరో విషం కలుపుతున్నారట. దాతల రక్తంలోని కాపలా కణాలను, రక్తకణాలను మార్చి ల్యాబులోనే తయారుచేసిన క్యాన్సర్ కణాల మీదికి వదిలితే ఇన్నాళ్లూ చీల్చి చెండాడేవి. ఈ వారం పక్కపక్కనే ఊరికే కూర్చుంటున్నాయి. సోమవారంలోగా సంగతి తేలకపోతే ల్యాబు మూతపడుతుంది. పదోన్నతి రాక అలిగిన ల్యాబు ఉద్యోగిని ప్యాట్రిస్ మీదే ఆవిడకు అనుమానం.

బెర్నిస్ మాటే వేదమనుకునే సహాయకుడు టోబీకి ఒక్క ముక్కా బోధపడలేదు. విషమైతే కణాలు చావాలి కదా, ఇవి నిక్షేపంగా ఉన్నాయి!

ల్యాబు తలుపు మీద 'సొంత రక్తంతో పని చేయరాదు' అని బోర్డు ఉంది. ప్యాట్రిస్ అందరినీ దులిపేసింది. గ్రేడీ అనే పరిశోధకుడు నవ్వుతూ కాఫీ ఇచ్చాడు. అతని వేలికి పట్టీ, మోచేతి మడతలో దూది. టోబీ అన్నీ చూశాడు, ఏదీ దేనికీ అతకలేదు.

"రోడ్లు మూసేశారు కదా, దాతలెలా వచ్చారు?" అడిగింది బెర్నిస్.

"రక్తం గ్రేడీయే ఎలాగో తెస్తున్నాడు. బంగారంలాంటి మనిషి," అంది మార్గో.

బెర్నిస్ అందరినీ కూర్చోబెట్టింది.

"విషం లేదు. ఉన్నది చుట్టరికం. గ్రేడీ, ఆ క్యాన్సర్ కణాలు మొదట ఎవరి రక్తంతో చేశావు?"

"నాదే. అప్పుడు దాత రాలేదు."

"ఈ వారం కాపలా కణాలు?"

"అవీ నావే," అన్నాడు తల దించుకుని.

పరాయివాళ్ల కణాలు కొత్తముఖాలని మీదపడ్డాయి, సొంతవి మనవాళ్లేలెమ్మని వదిలేశాయి అని బెర్నిస్ విడమరిచింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

"అయితే మనం ఇన్నాళ్లూ చూసింది క్యాన్సర్ మీద గెలుపు కాదు, పరాయివాళ్ల మీద దాడేనన్నమాట," అంది మార్గో.

బెర్నిస్ మాత్రం గ్రేడీ వేలినే చూస్తోంది.

"వేలికేమైంది?"

"నిన్న సూది గుచ్చుకుంది."

"సూదిలో ఏముంది?"

"ఆ క్యాన్సర్ కణాలే," అన్నాడు గ్రేడీ. ఆ బోర్డు ఎందుకుందో టోబీకి అప్పుడు అర్థమైంది, అర్థమయ్యాక భయమేసింది.

"నా కాపలావాళ్లు వాటిని గుర్తుపట్టకపోవచ్చు," అన్నాడు గ్రేడీ మెల్లగా.

ప్యాట్రిస్ లేచి అతని కోటు అందించింది.

"నీ కాపలావాళ్లకి తెలీకపోతే డాక్టర్లకి మనం చెబుదాం. నా ట్రక్కుకి మంచు తోసే బ్లేడుంది. లే."