చేను చివరి బావిలో గిఫ్ట్

అమెరికాలో అరూస్టుక్ అనే బంగాళాదుంపల సీమలో, హార్లన్ వాళ్ళ చేను చివర ఒక పాత బావి ఉండేది. చీకటి పడితే అటు ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. వెళ్తే ఒక గొంతు వినిపించేదట... “గిఫ్ట్” అని, ఒకే ఒక్క మాట.

హార్లన్ భార్య వెర్నాకు మాత్రం భయం లేదు. ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలుసు.

యుద్ధం ముగిసిన ఏడాది బంగాళాదుంపలు ఏరడానికి మనుషులు దొరక్క, శిబిరంలోని జర్మన్ ఖైదీలను పంపారు. వాళ్ళలో ఓట్మార్ ఒకడు. ఖైదీలకు ఇంట్లో తిండి పెట్టకూడదని కాపలా సిపాయి అభ్యంతరం చెప్పాడు. “నా బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలో నువ్వా చెప్పేది?” అని వెర్నా అతని నోరు మూయించింది. రోజూ ఓట్మార్‌కు బీన్సు, రొట్టె కొసరి కొసరి వడ్డించేది. అతనికి ఇంగ్లీషు రాదు. ఒకరోజు చెక్క గుర్రం చెక్కి, ఆమె కొడుకు మెర్ల్ పళ్ళెం పక్కన పెట్టి, సిగ్గుపడుతూ వెళ్ళిపోయాడు.

పని ఆఖరిరోజు ఆ బావిలో పూడిక తీయమని హార్లన్ అతన్ని దింపాడు. కాసేపటికే ఓట్మార్ పాలిపోయిన ముఖంతో పైకొచ్చి, వెర్నా చేతులు పట్టుకుని, బావి చూపిస్తూ “గిఫ్ట్... గిఫ్ట్...” అన్నాడు. లారీకి వేళయిందని సిపాయి లాక్కుపోయాడు. మనకేదో కానుక దాచినట్టున్నాడని వెర్నా మురిసిపోయింది.

ఆ రాత్రే అతను శిబిరం కంచె దాటి వచ్చాడు. కాపలా సిపాయిలు బావి దగ్గరే కాల్చేశారు... చేతిలో సుత్తి, జేబునిండా మేకులు, పక్కన రెండు పలకలు. పారిపోతున్నాడన్నారు వాళ్ళు. మన కోసమే వచ్చాడని వెర్నా గుండె పగిలేలా ఏడ్చింది. తెల్లారేసరికి ఊటనీళ్ళు చేరి బావి అడుగు కనబడలేదు. రక్తం పడిన చోట నీళ్ళు ఎవరికీ తాగబుద్ధి కాక, మూత పెట్టేశారు.

పన్నెండేళ్ళకు వానలు మొహం చాటేశాయి. ఇంటి బావి ఎండింది. సైన్యంలో చేరి రెండేళ్ళు జర్మనీలో ఉన్న మెర్ల్ ఇంటికొచ్చే రాత్రి అది. బిడ్డకు గుక్కెడు చల్లటి నీళ్ళు లేకపోతే ఎలా? వెర్నా లాంతరు, బకెట్టు పట్టుకుని చేను దాటింది.

మూత జరిపింది. తాడు వదిలింది. గాలి లేదు... అయినా చెవి పక్కనే ఎవరిదో ఊపిరి.

“గిఫ్ట్...”

ఎవరో కిందికి లాగుతున్నట్టు తాడు బరువెక్కింది.

“నువ్వేనా నాయనా?” అంది వెర్నా గుసగుసగా. “ఇన్నాళ్ళకు అర్థమైందిరా. ఈ నీళ్ళే కదూ నువ్విచ్చేది?”

చేను పొడుగునా ఆ గొంతు వెంటే వచ్చింది... ఏడుస్తున్నట్టు.

మెర్ల్ వస్తూనే నిలబడి రెండు గ్లాసులు తాగాడు. హార్లన్ ఒకటి. అప్పుడు వెర్నా కళ్ళు తుడుచుకుంటూ జరిగింది చెప్పింది.

మెర్ల్ ముఖంలో నవ్వు ఆగిపోయింది. “అమ్మా... మళ్ళీ చెప్పు, ఏమన్నాడు?”

“గిఫ్ట్ అనిరా.”

“అది మన ఇంగ్లీషు మాట కాదమ్మా. వాళ్ళ భాషలో గిఫ్ట్ అంటే విషం.”

హార్లన్ కుర్చీలో కూలబడ్డాడు. ఈ చేను అమ్మినవాడు మిగిలిన పురుగుమందు మూటలు ఎక్కడ పారేశాడో, కొన్నప్పుడు తను అడగనేలేదు.

ఆ నీళ్ళలో ఒక్క చుక్క కూడా తనకోసం ఉంచుకోలేదు వెర్నా. అందుకే ఇంకో ఆరేళ్ళు బతికింది, ఒక్కతే.

ఇప్పుడు ఆ బావి దగ్గర మగగొంతు వినబడదట. ఆడగొంతు వినిపిస్తుందట... “విషం” అని, అందరికీ అర్థమయ్యే మాటే అంటుందట.