ఎర్త్ తీగ చేతిలోనే ఉంది

ఆ కారును షెడ్డులోకి తోయించిన రోజే బాబాయి పందెం కాశాడు. గుండ్రటి దీపాలతో, మీగడ రంగులో ఉన్న పాతకాలపు బండి అది. ముప్ఫై ఏళ్లకు పైగా ఏదో తుక్కు గోదాములో దుమ్ము కప్పుకుని పడి ఉంది. ముగ్గురు మెకానిక్కులు దాని మీద చెయ్యి వేశారు, ముగ్గురూ సగంలో వదిలేసి పోయారు. ఎందుకని అడిగితే ఒక్కడూ నోరు విప్పలేదు.

"శనివారం సాయంత్రం ఐదింటికల్లా ఈ బండి ఎవరూ తొయ్యకుండా బయటికొస్తే షెడ్డు నీదే. లేదంటే తాళాలు నా చేతిలో పెట్టు," అన్నాడు బాబాయి, చుట్టాలందరి ముందూ. "అయినా సుఖాన ఇంట్లో కూర్చోక ఈ వైర్ల గొడవ నీకెందుకమ్మా?"

"రాసిపెట్టుకో బాబాయ్. ఐదింటికి నువ్వు గేటు దగ్గరుండు, నేను హారన్ కొడతాను," అంది ఆమె.

వీధిలో అందరూ కరెంటమ్మ అని పిలిచే మనిషి. కోపం ముక్కు మీదే ఉంటుంది. తండ్రి పోయి ఆరు నెలలైంది. పద్దెనిమిదేళ్లు ఆయన పక్కనే నిలబడి పని చేసిన షెడ్డు అది. ఆయనదంటూ ఆమెకు మిగిలింది అదొక్కటే.

శనివారం మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్మి వాన మొదలైంది. షెడ్డు ఒక పెద్ద భవనం అడుగున ఉంటుంది, ర్యాంపు దిగి వెళ్లాలి. కరెంటు పోయేసరికి లోపలంతా చీకటైపోయింది. ఆమె టార్చిలైటును బానెట్ కొక్కేనికి తగిలించి పని మొదలెట్టింది. తడిసిన సిమెంటు వాసన, పాత పెట్రోలు వాసన... వాటి అడుగున ఇంకేదో కుళ్లిన వాసన. ఎలుక చచ్చిందేమో అనుకుంది.

తాళం తిప్పితే బండి టక్కుమని ఊరుకుంటోంది. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీలో లోపం లేదు. ముందు ఎర్త్ చూడు, మిగతా పురాణం తర్వాత చదువుదువు గాని, అనేవాడు నాన్న. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగ విప్పి చూసింది. బోల్టు కింద అంతా తుప్పు, పచ్చటి చిలుము. కరెంటు తిరిగి వచ్చే దారి లేకపోతే బండి మాత్రం ఏం చేస్తుంది? కారు తాళం తీసి జేబులో వేసుకుంది. సీట్లో మనిషి లేనప్పుడు, బానెట్ కింద చెయ్యి ఉన్నంతసేపూ తాళం జేబులోనే ఉండాలన్నది ఆ షెడ్డు నియమం. తర్వాత గరుకు ఎమరీ కాగితంతో తీగ చివరను రుద్దడం మొదలెట్టింది.

తళతళలాడేదాకా రుద్దింది. వంచిన తల ఎత్తకుండానే, అలవాటు కొద్దీ అనేసింది.

"కొట్టు."

పద్దెనిమిదేళ్లుగా అన్న మాట. ఆమె ఇంజిను దగ్గర, నాన్న స్టీరింగు దగ్గర. ఆమె కొట్టు అంటే ఆయన తాళం తిప్పి సెల్ఫ్ కొట్టేవాడు. ఇప్పుడు ఆ సీట్లో ఎవరూ లేరన్న సంగతి నాలుకకు ఇంకా ఎక్కలేదు.

సెల్ఫ్ తిరిగింది.

ఫ్యాను ఆమె మొహం ముందు గిర్రున తిరిగి ఆగింది. ఆమె ఒక్క ఉదుటున వెనక్కి గెంతింది. కుడి చేతిలో ఎర్త్ తీగ... విప్పింది విప్పినట్టే ఉంది. జేబు తడుముకుంది. తాళం జేబులోనే ఉంది.

"ఎవరది?"

బయట వాన. లోపల సీటు స్ప్రింగు ఒకటి కీచుమంది.

భయపడింది, అబద్ధమెందుకు. ర్యాంపు వైపు రెండడుగులు వేసింది కూడా. అక్కడ గోడ గడియారం కనబడింది. నాలుగు. ఇప్పుడు పరుగెత్తితే బాబాయి గెలుస్తాడు. అది తలుచుకోగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఇదిగో, నీకే చెప్తున్నా," అంది చీకటి సీటుకేసి చూస్తూ. "నన్ను బెదరగొట్టి తరిమేద్దామనుకుంటే అది నీ తరం కాదు. ఆ ముగ్గురూ పోతే పోయారు, నేను చచ్చినా కదలను. ఉంటే ఉండు. ఉన్నందుకు కాస్త పని చెయ్యి."

ఎర్త్ తీగ బిగించింది. రవ్వ వస్తుందో లేదో చూడటానికి ప్లగ్గు వైరు ఊడదీసి, దాని కొసను ఇంజిను ఇనుముకు దగ్గరగా పట్టుకుంది. నిజానికి దీనికి ఇద్దరు మనుషులు కావాలి.

"కొట్టు."

తిరిగింది. నిప్పురవ్వ లేదు.

"ఆపు."

ఆగింది... కాస్త ఆలస్యంగా.

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసింది. లోపల పాయింట్లు మసిబట్టి నల్లగా ఉన్నాయి. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోకుండా వాటిని గీకి, సన్నటి రేకు పెట్టి సందు సరిచేసింది. మూత బిగించి మళ్లీ వైరు పట్టుకుంది.

"కొట్టు."

నీలి రవ్వ. టప్... టప్... టప్...

"వచ్చింది నాన్నా!" అంది సంబరంగా. అన్నాక గానీ తానేమందో ఆమెకు తెలియలేదు.

వైరును తిరిగి ప్లగ్గుకు తగిలించింది. తర్వాత కారులోంచి గొంతు జీరగా వినబడింది.

"ఊ..."

నాన్న అలాగే అనేవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆమె బానెట్ అంచు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆరు నెలలుగా చుట్టాల ముందు ఒక్క చుక్క రాల్చని కళ్లు.

"ఇక్కడే ఉండు నాన్నా. ఎక్కడికీ పోకు. ఈ షెడ్డు మనదే. నేనుండగా నిన్ను ఎవరూ పొమ్మనరు," అంది.

స్ప్రింగులు మెల్లగా కీచుమన్నాయి. ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు.

ఐదింటికి ఐదు నిమిషాలు తక్కువగా ఆమె తలుపు తీసి ఎక్కింది. సీటు వెచ్చగా ఉంది.

"జరుగు నాన్నా."

పక్క సీటు బరువుకు కిందికి దిగింది. ఆమె జేబులోంచి తాళం తీసి తిప్పింది. ఇంజిను రెండుసార్లు దగ్గి అందుకుంది. షెడ్డు గోడలన్నీ హోరెత్తాయి. బండి ర్యాంపు ఎక్కి వాన వెలుతురులోకి వచ్చింది. ఆమె వీధంతా అదిరేలా హారన్ కొట్టింది.

గేటు దగ్గర బాబాయి గొడుగు వేసుకుని నిలబడ్డాడు. ఆమె అద్దం దించింది.

"చూశావా బాబాయ్? నాన్న పక్కనుండి చేయించాడు. నీ పందెం నీళ్లలో కలిసింది!"

బాబాయి నవ్వబోయాడు. ఆమెను దాటి పక్క సీటులోకి చూశాడు. గొడుగు చేతిలోంచి జారిపోయింది. వానలో తడుస్తూ అలాగే ఉండిపోయాడు.

"అమ్మాయ్..." గుసగుసగా అన్నాడు. "షెడ్డు నీదేనమ్మా. నాకేమీ వద్దు. నువ్వు ముందు దిగు."

"ఎందుకూ?"

"వాడు... అన్నయ్య కాదమ్మా."

ఆమె చెయ్యి తాళం మీదికి పోయింది. తాళం వెనక్కి తిప్పి లాగేసింది. ఇంజిను ఆగలేదు. తలుపు తోసింది. రాలేదు. పక్కకు చూడనని పంతం పట్టి, ఎదుటి అద్దం మీద వాన చుక్కలకేసి చూస్తూ మెడ నిటారుగా పెట్టింది.

"ఎవడివైతే నాకేం? షెడ్డు నాది. ఉండమన్నది నేనే, పొమ్మనేదీ నేనే. దిగు!"

పక్క సీటు స్ప్రింగులు కదల్లేదు.

ఆమె వైపు అద్దం మాత్రం పైకి లేవడం మొదలెట్టింది. హ్యాండిల్ దానంతటదే తిరుగుతోంది. ఆమె పళ్లు బిగించి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని వెనక్కి తిప్పింది. అద్దం దిగింది... కాస్త లేచింది... మళ్లీ దిగింది. బాబాయి అరుస్తున్నాడు. ఆమె వదల్లేదు. వదిలే రకం కాదు.

అప్పుడు ఆమె వేళ్ల మీద ఇంకో చెయ్యి పడింది. చల్లటి చెయ్యి, అద్దం లేచే వైపే తిప్పుతూ. పక్క సీటు నుంచి కాదు...

వెనక సీటు నుంచి.