రంగులవాడి ఇంట్లో సీజర్ తల

"సీజర్ తల నరికేశారు, వొకోనియస్."

బల్ల మీద పిడికిలంత కంచు తల. విగ్రహం నుంచి ఊడగొట్టింది. ముక్కు చితికిపోయి ఉంది.

"ఎవరు, చీఫ్?"

"క్రీస్తువాళ్ళు. అంటే, నువ్వు దీన్ని వాళ్ళింట్లో పెట్టాక." చీఫ్ సబిడియస్ నవ్వాడు. "టైబర్ అవతల, ఉన్నికి రంగులద్దేవాడి ఇల్లు. ఆదివారం పొద్దున్నే చేరతారు. నీ వెనకే సైనికులొస్తారు. రాజద్రోహం. ఒక్కడూ మిగలడు."

"లోపల మనవాళ్ళు?"

"మెలిటీన్."

వొకోనియస్ కనుబొమలు ఎగరేశాడు. రంగస్థలం మీద మెలిటీన్ ఆడుతుంటే సెనేటర్లు రెప్ప వేసేవాళ్ళు కాదు. ఆమె మోసుకొచ్చిన రహస్యాలకి గవర్నర్ల పదవులే ఊడిపోయాయి.

పేరుకి చీఫ్ నడిపేది సైన్యానికి గోధుమలు చేరవేసే శాఖ. చేసేదంతా వేగు పని.

ఆదివారం, గడ్డం పెంచిన కొరింతు నావికుడొకడు చంకలో పెద్ద రొట్టెతో ఆ గుమ్మం ముందు నిలబడ్డాడు. రొట్టె లోపల డొల్ల. డొల్లలో సీజర్ తల. కాలి బొటనవేలితో దుమ్ములో చేప బొమ్మ గీశాడు. క్రీస్తువాళ్ళ కోడ్ అదే.

తలుపు తీసింది మెలిటీన్. ఒంటి మీద ముత్యాల్లేవు. మోచేతులదాకా నీలిరంగు.

"రా అన్నా. రొట్టె ఇలా ఇవ్వు."

బరువు చూసింది. అతని కళ్ళలోకి చూసింది. లోపలికి పట్టుకుపోయింది. సగం మిషన్ అయిపోయిందనుకున్నాడు నావికుడి వేషంలో ఉన్న వొకోనియస్.

లోపల చాపల మీద జ్వరంతో మనుషులు. రోగం తగలగానే యజమానులు వీధిలో పారేసిన బానిసలు. వాళ్ళకి నీళ్ళు పట్టిస్తున్న ముసలాయన ఒకడు తల తిప్పాడు.

"చిన్నదొరా!"

ట్రోఫిమస్. వొకోనియస్‌ని ఎత్తుకు పెంచిన బానిస. మొన్న చలికాలంలో జ్వరమొస్తే, ఇంట్లో అందరికీ అంటుకుంటుందని, నది మధ్య లంకలో వదిలేసి రమ్మన్నది వొకోనియసే. మళ్ళీ ఒక్కసారి కూడా ఏమయ్యాడని అడగలేదు.

"గడ్డం పెంచితే పోల్చుకోలేననుకున్నావా? ఆ వంకర చెవికి నూనె రాసింది నేను కాదూ!" ముసలాయన అందర్నీ కేకేశాడు. "చూశారా? నా కోసం వస్తాడని చెప్పానా లేదా? వెతుక్కుంటూ వచ్చాడు నా బాబు!"

"ఎంత మంచి మనసయ్యా నీది," అంటూ ఒకామె అతని చేతిలో ఆలివ్ పళ్ళు పెట్టింది. వొకోనియస్ తలెత్తలేకపోయాడు.

బయట బూట్ల చప్పుడు.

ఆ తల తీసెయ్యాలని వంటింట్లోకి ఉరికాడు. రొట్టె అందుకున్నాడు. తేలిగ్గా ఉంది.

"రంగు తొట్టిలో పడేశాను," అంది మెలిటీన్ మెల్లగా. "నేను వీళ్ళ మనిషినై ఏడాదైంది. నీ చీఫ్‌కే తెలీదు."

"నేనెందుకొచ్చానో ముసలాయనతో చెప్పేయ్."

"నేను చెప్పను. చేతనైతే నువ్వే చెప్పుకో."

అతనికి చేతకాలేదు.

సైనికులు ఇల్లంతా తిరగేశారు. చాపలు లాగేశారు, రొట్టెలు విరిచేశారు. వాళ్ళ నాయకుడు, సెంచూరియన్, తొట్టి మీదికి వంగి, లోపల చెయ్యి పెట్టబోయాడు. రంగు పట్టడానికి కలిపిన పులిసిన మూత్రం కంపు గుప్పున కొట్టింది. ముక్కు మూసుకుని వెనక్కి తగ్గాడు.

"తల ఉందన్నారు, లేదు. ఇంకేం వెతకమని నాకు చెప్పలేదు." పోతూ పోతూ వొకోనియస్ దగ్గర ఆగాడు. "నువ్వూ వీళ్ళలో వాడివేనా?"

"కాదు."

ఉద్యోగంలో చేరాక అతను చెప్పిన అచ్చమైన నిజం అదే.

ట్రోఫిమస్ అడ్డమొచ్చాడు. "మా చిన్నదొరండీ! నన్ను చూసుకోడానికి వచ్చాడు. ఇలాంటి యజమాని రోమ్ మొత్తంలో లేడు. ఒట్టు!"

ఆ పొద్దున ఆ ఇంట్లో బయటపడ్డ తప్పుడు సాక్ష్యం అదొక్కటే.